తొడ మీద పెట్టిన బొట్టు

ట్రైనింగ్ క్లాసులో మీకిచ్చే ప్రథమ చికిత్స పుస్తకాలు కొత్తవి కావు. బ్యాచి నుంచి బ్యాచికి చేతులు మారుతూ వస్తున్నవే. మొన్న బీరువా సర్దుతూ ముప్పై కాపీలూ ఒక్కొక్కటే తిరగేశాను. కాలిన గాయాల పేజీ వేలిమరకలతో నల్లబడింది. ఎముక విరిగితే బద్దలు కట్టే పేజీ చిరిగి, అతికించాక మళ్ళీ చిరిగింది. వెనకవైపు ఒకచోట రెండు పేజీలు మాత్రం అచ్చయిన రోజున ఎంత తెల్లగా ఉన్నాయో అంతే తెల్లగా ఉన్నాయి. మర్మావయవాలకు ఏదైనా గుచ్చుకుంటే ఏం చెయ్యాలన్నది ఆ రెండు పేజీల్లోని సంగతి.

నేను చదువుకున్నప్పుడు మా మాస్టారు అక్కడికి రాగానే "యే ఘర్ మే పఢ్ లేనా", ఇంటి దగ్గర చదువుకోండి, అని రెండు పేజీలూ కలిపి తిప్పేశారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాకపోతే ఏదీ వదిలిపెట్టని తత్వం నాది, గదికి వెళ్ళి నిజంగానే చదివాను. అడగవలసిన ప్రశ్నలు ఏడని నోటుబుక్కులో నంబర్లు వేసి రాసుకున్నాను. పరీక్షలో రాలేదు. ఉద్యోగంలో చేరిన రెండో వేసవిలో వచ్చింది.

ముప్పై మూడేళ్ళకే జ్ఞాపకాలేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఫ్యాక్టరీలో ఆ ఫస్ట్ ఎయిడ్ పోస్టు వదిలి మూడేళ్ళయింది. అంతవరకు నేను రిటైరైనట్టే. ఇందులో తప్పు చేసినవాణ్ణి నేను కాబట్టి నా గురించి ఏదీ దాచను. మిగతావాళ్ళ పేర్లు రాయను, ఫ్యాక్టరీలో షాపులనే విభాగాల్లో మాది ఏదో కూడా రాయను.

మా పోస్టు అంటే ఒకే గది. ముందు సైడింగ్ పట్టాలు, వెనక గోడ, ఎడమవైపు ఖలాసీల యార్డు. ఖలాసీలంటే మీకు తెలుసు, పెద్ద పెద్ద బరువులకు ఇనప తాళ్ళు తగిలించి క్రేనుతో ఎత్తించేవాళ్ళు. గదిలో ఒక బల్ల, ఒక మంచం, ఒక స్టవ్వు, సూదులు మరిగించే గిన్నె, సావ్లాన్, అయోడిన్, మెర్క్యురోక్రోమ్ సీసాలు, ఒక రిజిస్టరు. మనుషులం ఇద్దరం. నేనొకణ్ణి, నా పైన ముప్పై ఏళ్ళ సర్వీసున్న, గాయాలకు కట్లు కట్టే డ్రెస్సరు ఒకాయన. ఆయన ఛత్తీస్‌గఢీ మనిషి, అందరూ కకా అనేవారు, చిన్నాన్న అన్నట్టు. నేను బి.ఎస్సీ. చదివి, ఫార్మసీ డిప్లొమా చేసి వచ్చాను. ఆయన ఎనిమిదో క్లాసు. నా డిప్లొమా గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనే రెండు మూడుసార్లు గుర్తు చేశాను.

క్యాంప్ 1 అనే కాలనీలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. పొద్దున జనరల్ షిఫ్టుకు వెళ్ళడం, సాయంత్రం వచ్చి అన్నం వండుకోవడం. చుట్టూ అందరూ హిందీ. ఒకసారి, రోజుకు ఎన్ని తెలుగు మాటలు మాట్లాడుతున్నానో ఒక వారం లెక్క రాశాను. సోమవారం సున్నా. మంగళవారం సున్నా. బుధవారం ఒకటి, పాలు పొంగినప్పుడు "అయ్యో" అన్నాను. దగ్గర్లోని ఖుర్సీపార్ బస్తీ నిండా మనవాళ్ళేనని తెలుసు, కానీ ఎవరింటికని వెళ్ళను? ఆదివారాలు దుర్గ్ స్టేషన్‌కు పోయి ఆంధ్రా వైపు వెళ్ళే బండి పక్కన ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నడిచేవాణ్ణి. కిటికీల్లోంచి మాటలు వినపడేవి. "నీళ్ళ సీసా ఏదీ", "ఒరే కాళ్ళు తియ్యి". బండి కదిలాక టీ తాగి సైకిలెక్కేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక ఖలాసీ తలనొప్పి మాత్ర కోసం వచ్చాడు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, బలమైన మనిషి. హిందీలోనే పేరడిగి, టోకెన్ నంబరడిగి రాస్తున్నాను. నా రాత చూస్తూ ఉన్నట్టుండి "బాబూ, మీదే ఊరు?" అన్నాడు తెలుగులో.

"విజయనగరం దగ్గర."

"అదేటి! అయితే మనోడివే. మాది సికాకులం. మరిందాకట్నుంచీ ఆ హిందీ ఏటి, ఇద్దరం అవస్తపడి సావడం?"

ఆ రోజు నుంచి వారంలో రెండు మూడుసార్లు వచ్చేవాడు. తలనొప్పి ఉండేది కాదు. స్టూలు మీద కూర్చుని పది నిమిషాలు మాట్లాడి వెళ్ళేవాడు. వాళ్ళావిడ వేయించిన ఎండు నెత్తళ్ళు కాగితంలో చుట్టి తెచ్చేవాడు. "నువ్వొండుకునేది అన్నమా, బంకా? తిను" అనేవాడు. నేను అన్నా అనేవాణ్ణి. ఆ పది నిమిషాలూ లెక్క రాయలేదు గానీ, అతను రాని రోజు మాత్రం తెలిసేది.

ఇక్కడ మా షాపులో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. గేటు దగ్గర సేఫ్టీ బోర్డు ఉండేది. దాని మీద మనిషంత మనిషి బొమ్మ, పెయింటుతో వేసింది. తెల్లటి ఒళ్ళు, నీలం నిక్కరు, తల మీద పసుప్పచ్చ హెల్మెట్. ఎవరికి దెబ్బ తగిలినా మేము మూడు కాగితాల చీటీ రాసేవాళ్ళం. ఒకటి షాపుకు, ఒకటి దెబ్బ తగిలినవాడికి, ఒకటి సేఫ్టీ గుమస్తాకు. ఆ గుమస్తా చీటీలో ఏ అవయవం రాసి ఉంటే బొమ్మ మీద అక్కడ ఎర్రటి చుక్క అంటించేవాడు. ఆఫీసు నుంచి రావలసిన చుక్కలు ఎప్పుడూ రాలేదు. అందుకని ఖుర్సీపార్ దుకాణాల్లో ఆడవాళ్ళు పెట్టుకునే స్టిక్కర్ బొట్లు కొనితెచ్చి వాడేవాడు. నెలాఖరుకు అన్నీ పీకేసి, ఒకటో తారీకు నుంచి మళ్ళీ మొదలు. షిఫ్టు దిగేటప్పుడు జనం ఆ బొమ్మ ముందు ఆగేవాళ్ళు. "ఇవాళ బొట్టు ఎవడిది?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. చెవికి తగిలినవాణ్ణి నెలంతా చెవి అని పిలిచేవాళ్ళు.

ఆ రోజు మే నెల. కకా మందుల స్టాకు తేవడానికి వెళ్ళాడు. మధ్యాహ్నం మూడు దాటింది. మా అన్న వచ్చాడు. నడకలో తేడా ఉంది. హెల్మెట్ తల మీద లేదు, రెండు చేతులతో పొట్ట కింద అడ్డం పెట్టుకున్నాడు.

"తలుపేసీ బాబూ."

వేశాను.

"గెడెట్టీ."

పెట్టాను. "ఏటన్నా, ఏమైంది?"

"టీకి దిగినాం. ఇనప తాడు సుట్ట మీద కూకున్నాను. తీగ పైకి లెగిసుంది, సూసుకోనేదు."

ఖలాసీలు టీ తాగేది ఆ చుట్టల మీదే. నీడలో చుట్టి పెట్టిన ఇనప తాడు, ఎత్తు సరిగ్గా పీటంత. పాతబడిన తాడులో సన్న తీగలు తెగి ముళ్ళలా పైకి లేస్తాయి. కూర్చునేముందు చేతి గ్లవుసుతో ఒకసారి తడిమి చూసుకోవడం వాళ్ళకు అలవాటు. ఆ రోజు మాటల్లో పడి తడమలేదు.

"తీగ ఏదీ?"

"లెగిసినప్పుడు అదే ఊడొచ్చింది."

చూపించమన్నాను. అతను గోడ వైపు మొహం తిప్పుకుని నిలబడ్డాడు. సిగ్గేసి నేనూ గోడకేసే చూశాను. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి కూడా ఇబ్బందిగానే ఉంది. ఇద్దరం ఒకే గోడను చూస్తున్నాం. తర్వాత ఎలాగో కిందికి చూశాను, పది లెక్కపెట్టేంతసేపు. వృషణాల సంచికి ఎడమవైపు అగ్గిపుల్ల తలంత రంధ్రం. రక్తం రెండు చుక్కలు. ఇంతేనా అనిపించింది.

గుచ్చుకున్న గాయానికి ఆ "ఇంతేనా"ను మించిన ప్రమాదం లేదు. కోసుకుంటే ఎంత లోతో కంటికి కనపడుతుంది. గుచ్చుకుంటే పైన చుక్కంత, లోపల ఎంతో తెలీదు. నోటుబుక్కులోని ఏడు ప్రశ్నలూ అందుకే. ఎప్పుడు, దేనితో? ఎంత లోతుకు దిగింది? దిగింది మొత్తం బయటికొచ్చిందా, బట్టలో ఏమైనా ముక్క పోయిందా? నొప్పి ఎలా ఉంది? వాపు పెరుగుతోందా? తర్వాత మూత్రానికి వెళ్ళాడా, అందులో రక్తం ఉందా? టెటనస్ సూది చివరిసారి ఎప్పుడు? నేను మొదటిదీ నాలుగోదీ, మూడోదాంట్లో తీగ సంగతీ అడిగాను. మూడోది పూర్తిగా అడిగి ఉంటే అతని నిక్కరు చేతిలోకి తీసుకుని చూడాలి. ఆరోది అడగాలంటే నోరు రాలేదు.

చేసినవి చెబుతాను. సావ్లాన్‌తో పైపైన తుడిచాను. మెర్క్యురోక్రోమ్ పూశాను, దాంతో చుట్టూ ఎర్రబడినా ఇక కనపడదు. గాజుగుడ్డ పెట్టి ప్లాస్టరు గట్టిగా అంటించాను. టెటనస్ సూది వేశాను. మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్ళతో ధారాళంగా కడగాలి, రంధ్రాన్ని మూసెయ్యకూడదు, వదులుగా గుడ్డ కప్పి, కింద ఆసరా కట్టి, ఆ పూటే సర్జన్ దగ్గరికి పంపాలి. ఇవన్నీ నాకు తెలుసు. చెయ్యనివి ఇవి.

రిజిస్టరు తెరిచాను. అతను ప్యాంటు సర్దుకుంటూ నా చేతిలో పెన్ను చూశాడు.

"ఏటి రాస్తావు బాబూ?"

నేను తారీకు, టోకెన్ నంబరు వేశాను.

"తొడ అని రాసీ."

"అన్నా, అట్లా..."

"పెళ్ళయి మూడేళ్ళు. పిల్లల్నేరు. మా సందులో ఇప్పటికే ఏటేటో అంటన్నారు. ఆ బొమ్మ మీద బొట్టు అక్కడ పడిందనుకో, నేనింక షాపులో తలెత్తగల్నా? నీకు దండవెడతాను, తొడ అని రాసీ."

రాశాను. కుడి తొడ, పైభాగం, గుచ్చుకున్న చిన్న గాయం, చికిత్స చేసి డ్యూటీకి పంపడమైనది. నా దస్తూరి చాలా బాగుంటుంది. జాలిపడి రాశాననుకున్నాను. అసలు కారణం ఆ రాత్రి అన్నం వండుకుంటుంటే తెలిసింది. కాదంటే అతను మళ్ళీ రాడేమోనని భయం. ఆ ఊళ్ళో నన్ను మనోడివే అన్నది అతనొక్కడు.

సాయంత్రానికి బొమ్మ కుడి తొడ మీద బొట్టు పడింది. దాన్నెవరూ పట్టించుకోలేదు. తొడ పెద్ద విశేషం కాదు.

మర్నాడు పొద్దున కకా కళ్ళజోడు పెట్టుకుని రిజిస్టరు చదివాడు. ముందురోజు సాయంత్రం గేటు దగ్గర ఆయన అతన్ని చూశాడట.

"జాంఘ్ మే లగే తో ఆద్మీ లంగడాతా హై, బాబూ" అన్నాడు. తొడకు తగిలినవాడు కుంటుతాడు. "వో తో టాంగ్ ఫైలా కే చల్ రహా థా." ఇతను కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాడని.

"జాంఘ్ హీ హై, కకా" అన్నాను. తొడే.

ఆయన కళ్ళజోడు తీసి రిజిస్టరు మూశాడు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు వెడల్పు గుడ్డ చింపి, టీ అక్షరం ఆకారంలో కుట్టాడు. నడుముకు కట్టి, కాళ్ళ మధ్య నుంచి తీసి బిగించే కట్టు అది. ఆ ఒక్క చోటికి తప్ప ఇంక దేనికీ పనికిరాదు. నా బల్ల మీద పెట్టి "కామ్ ఆయేగా" అన్నాడు, పనికొస్తుందని. నేను దాన్ని సొరుగులో పెట్టేశాను. ఆయన నాకు తలుపు తెరిచి పెట్టాడు, నేను సొరుగు మూశాను.

కట్టు మార్పించుకోవడానికి అతను రెండో రోజు రావాలి. రాలేదని రిజిస్టరులో రాశాను. మూడో రోజు డ్యూటీకి కూడా రాలేదు. అదీ రాశాను. నాలుగో రోజు అదే. రాసినంత మాత్రాన నా పని అయిపోయినట్టు ఉండేది. ఐదో రోజు నాలుగింటికి కకా నా సైకిలు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "ఆజ్ జా" అన్నాడు, ఇవాళ వెళ్ళు అని. అంతే అన్నాడు.

ఖుర్సీపార్‌లో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తొడకు దెబ్బ తగిలిన ఖలాసీ ఇల్లు అంటే చెప్పారు. అతని భార్య తలుపు తీసింది. నేనెవరో చెప్పాను.

"నెత్తళ్ళ బాబువా! రా, లోపలికి రా. ఈ మనిషి నాకేటీ సెప్పడు. నాలుగు దినాల్నించీ జొరం. కాపడం ఎడతన్నాను, తగ్గనేదు."

లోపల నులకమంచం మీద అతను. ఒళ్ళు పెనంలా ఉంది. గదిలో అడుగుపెట్టగానే నాకు వాసన తెలిసింది. మంచం పక్కన కుంపటి, దాని మీద వేడి ఇసక మూట. ఆమె మూట తీసి అతని కుడి తొడ మీద పెట్టింది, నాకు చూపించడానికన్నట్టు.

"ఇక్కడేగా బాబూ? నువ్విచ్చిన చీటీ పక్కింటామె సేత సదివించినాను. కుడి తొడ అని రాసుందట. నాలుగు దినాలూ ఇక్కడే ఎట్టినాను. ఎంత సూసినా ఇక్కడ దెబ్బ మచ్చే నేదు."

తొడ నిక్షేపంలా ఉంది. మూట వేడికి కాస్త కమిలింది, అంతే. మంచి తొడకు నాలుగు రోజులు కాపడం పెట్టించింది నా అందమైన దస్తూరి.

"అక్కా, తొడ కాదు" అన్నాను.

మంచం మీంచి అతను "బాబూ!" అన్నాడు. ఆ కేకలో బతిమాలడం లేదు, బెదిరింపే.

చెప్పేశాను. ఎక్కడో, ఎలాగో, అలా ఎందుకు రాశానో. ఆమె దుప్పటి తీసి చూసింది. బత్తాయికంటే పెద్దగా వాచి, చర్మం సాగి మెరుస్తోంది. నేను అంటించిన ప్లాస్టరు అలాగే ఉంది. దాని అంచు కింద నుంచి చీము.

"పెద్దాసుపత్రికి పోవాలి. ఇప్పుడే."

"నేను రాను" అన్నాడు. "అక్కడ వార్డు బాయిలిద్దరు మా సందోళ్ళే. పొద్దుటికి ఖుర్సీపారంతా తెలిసిపోద్ది. సస్తే సస్తాను."

"చచ్చిపోతావన్నా. నిజంగానే. ఇది అట్లాంటిదే."

"నాను మగోణ్ణి బాబూ. నీకు తెల్దు."

అప్పటిదాకా ఆమె నేల మీద కూర్చుని ఉంది. లేచి ఇసకమూట తీసి కుంపటి పక్కన విసిరేసింది.

"మూడేళ్ళ నుంచి ఆ కుళాయి కాడ పిల్లల్నేరని నన్నేగా అంటన్నారు? గొడ్డుదన్నారు. నీ ఎదటే అన్నారు. నాను సచ్చిపోనానా? బిందె ఎత్తుకొని మళ్ళీ రేపు అదే కుళాయికి ఎల్లనేదా? నిన్ను నాలుగు దినాలంటే పోతావేటి? అననీ. నాతోపాటు నువ్వూ పడు. లెగు."

అతను ఆమె వంక చూసి, తర్వాత కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి చెయ్యి చాపాడు, లేవదియ్యమని. ఆమె ఒకవైపు, నేనొకవైపు పట్టుకుని రిక్షా ఎక్కించాం. సందులో అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఆమె ఎవరి వైపూ చూడకుండా రిక్షా వెనక నడిచింది. నా సైకిలు వాళ్ళ గుమ్మంలోనే మర్చిపోయాను.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న సర్జన్ చీటీ అడిగాడు. చదివాడు. పేషెంటును చూశాడు. చీటీ మళ్ళీ చదివాడు.

"యే కిస్‌నే లిఖా?"

ఇది ఎవరు రాశారని అడుగుతున్నాడు. చుట్టూ నర్సులు, వార్డు బాయిలు, పది మంది రోగులు. "మైనే" అన్నాను, నేనేనని.

ఆయన తిట్టలేదు. పేషెంటు వైపు వంగి వరసగా అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడు, దేనితో, ఎంత లోతు. అవే ఏడు ప్రశ్నలు, అదే వరస. హిందీలో ఆయన అడుగుతుంటే తెలుగులో నేను చెప్పాను. నోరు రానిదేదో దాన్ని కూడా పది మంది ముందూ గట్టిగానే అడిగాను. జవాబులు తేలిగ్గా వచ్చాయి. మొదటి రోజు మూత్రంలో రక్తం లేదు. నిక్కరుకు మాత్రం చిల్లు పడింది, మినపగింజంత ముక్క లేదు, భార్య ఉతుకుతూ చూసిందట. నేను అడిగి నిక్కరు చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది.

ఆ గుడ్డముక్క లోపలే దొరికింది. ఆపరేషన్ చేసి చీమంతా తీశారు. ఎడమ వృషణం పాడైపోయింది, తీసెయ్యాల్సి వచ్చింది. కుడిది బతికింది, మనిషీ బతికాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ సర్జన్ నాతో ఒకే మాట అన్నాడు: "జాంఘ్ కే లియే డ్రెస్సింగ్ అచ్ఛీ థీ." తొడకైతే కట్టు బాగానే కట్టావు అని.

మర్నాడు కకా ముందు రిజిస్టరు తెరిచాను. అక్షరాల మీద దిద్దకూడదు, కనపడకుండా కొట్టెయ్యకూడదు, తప్పు మీద ఒకే ఒక్క గీత గీసి పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలన్నది నియమం. స్కేలు పెట్టి గీత గీశాను. కకా పక్కనే నిలబడి, "సీధీ లకీర్ ఖీంచీ హై" అన్నాడు. గీత తిన్నగానే గీశావన్నాడు. ఎగతాళో మెచ్చుకోలో ఇప్పటికీ తెలీదు.

సరిచేసిన చీటీ చూసి సేఫ్టీ గుమస్తా తల గోక్కున్నాడు. "కహా లగావూఁ యార్? ఇస్‌కీ తో నిక్కర్ హై." బొమ్మకు నిక్కరుంది, ఎక్కడ అంటించను అని. నెలాఖరు వస్తోంది, వదిలెయ్యమన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అది అతని మానం, దాంతో నాకేం పని? కానీ ఆ ఐదు రోజుల్లో అవే చుట్టల మీద కూర్చుని అందరూ టీ తాగుతూనే ఉన్నారు. తొడ మీద బొట్టు చూసి చుట్ట సంగతి ఎవరికి తడుతుంది?

వార్డుకు వెళ్ళి అతన్నే అడిగాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఎట్టీ" అన్నాడు. "ఇంకా దాయడానికేటుంది?"

నా మొహం చూడకుండానే అన్నాడు. మంచం పక్కన వాళ్ళావిడ నా సైకిలు తాళంచెవి ఇచ్చింది.

షిఫ్టు దిగే వేళకు, తొడ మీది బొట్టు పీకి నేనే నీలం నిక్కరు మీద అంటించాను. పీకిన చోట పెయింటు కాస్త లేచొచ్చింది. జనం మూగారు. అనుకున్నట్టే నవ్వారు. ఒకడు ఈల వేశాడు. "అరే, ఇస్‌కా తో హో గయా!" అన్నాడు ఇంకొకడు, వీడి పని అయిపోయిందని. అప్పుడు నేను, నోట్లోంచి మాట ఊడిపడనివాణ్ణి, హిందీలో ఒకసారి తెలుగులో ఒకసారి చెప్పాను. చుట్ట మీద కూర్చోవడం, తీగ, అగ్గిపుల్ల తలంత రంధ్రం, గుడ్డముక్క, నేను రాసిన అబద్ధం, పోయిన అవయవం. నవ్వు పూర్తిగా ఆగిందని చెప్పను. నెలాఖరుదాకా నవ్వుకున్నారు. కానీ ఆ వారంలోనే యార్డులో చుట్టల మీద చెక్కలు వెలిశాయి. ఎవరూ ఆర్డరు వెయ్యలేదు.

రెండు నెలలకు అతను డ్యూటీలో చేరాడు. తేలికపాటి పని ఇచ్చారు. నా గది ముందు నుంచే యార్డుకు దారి. హెల్మెట్ తల మీద, చూపు పట్టాల మీద. రోజూ వెళ్ళేవాడు, రోజూ వచ్చేవాడు. స్టూలు అక్కడే ఉంచాను. మొదటి వారం తలుపులో నిలబడి "అన్నా" అన్నాను. తర్వాత మానేశాను. ఆదివారాలు మళ్ళీ దుర్గ్ స్టేషన్.

తర్వాత వాళ్ళకు పిల్లలు పుట్టారా అని మీరడుగుతారు. నాకు తెలీదు. అది నా రిజిస్టరులోకి వచ్చే సంగతి కాదు.

వానలు వెనకబట్టాక ఒక రోజు, టీ వేళకు, గడప దగ్గర అలికిడైంది. కుర్ర ఖలాసీ ఒకడు, మన వైపువాడే. చేతిలో హెల్మెట్, పొట్ట కింద అడ్డంగా. మొహమంతా చెమట.

"ఏమైంది?"

"ఇనప సువ్వ గుచ్చుకుంది సార్." గొంతు తగ్గించాడు. "ఎక్కడ తగిల్తే అక్కడే రాస్తారట కదా. అలాగే రాయండి. అన్న సెప్పినాడు."

"ఏ అన్న?"

అతను వెనక్కి చూశాడు. పట్టాలకు అవతల మా అన్న, మా గదికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఇంతవరకు చెయ్యి పట్టి తెచ్చినవాడు గడప దాకా రాలేదు.

కుర్రవాణ్ణి మంచం మీద పడుకోబెట్టాను. కకా స్టవ్వు మీద నీళ్ళు పెట్టాడు. సొరుగులోంచి టీ కట్టు తీశాను. తలుపు వెయ్యబోతూ, రెండడుగులు బయటికొచ్చి పిలిచాను.

"అన్నా! లోపలికి రా. కూర్చుందువుగాని."

తిరగలేదు. అటు చూస్తూనే అన్నాడు.

"నాకేటి పని బాబూ? నాకేటీ తగల్నేదు కదా. ముందు ఆణ్ణి సరిగ్గా సూడు."

యార్డు వైపు నడిచి వెళ్ళిపోయాడు. నేను లోపలికొచ్చి గెడ పెట్టి, కుర్రవాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గోడకేసి చూడకుండా మొదటి ప్రశ్న అడిగాను.